ధ్యానం ధ్యానమే, ఓటు ఓటే

రాజకీయ పార్టీ పెట్టడానికి ఏం కావాలి? మన తెలుగువాళ్ళని అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. సినిమా మొహం కావాలంటారు కొందరు. కులబలం కావాలంటారు ఇంకొందరు. డబ్బుంటే మిగిలినవన్నీ అవే వస్తాయంటారు అనుభవజ్ఞులు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న ఎన్.టి. రామారావు గారిని చూసినవాళ్ళం కాబట్టి, పార్టీ అనగానే మన కళ్ళముందు చైతన్యరథమే కదులుతుంది.

అదే గడ్డమీద 1999లో మరో పార్టీ పుట్టింది. దానికి సినిమా లేదు, కులం లేదు, రథం లేదు. కళ్ళు మూసుకుని కూర్చుని ఊపిరిని గమనించమని చెప్పే ఒక సంస్థ నుంచి వచ్చిందది. పేరు పిరమిడ్ పార్టీ ఆఫ్ ఇండియా. ఇక్కడ రెడ్‌మండ్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకి ఈ పేరు చెబితే ఈజిప్టు సంగతేమో అనుకుంటారు. ఆంధ్ర నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో కూడా చాలామందికి గోడమీద పోస్టరు గుర్తుందేమో గాని, పార్టీ సంగతి గుర్తుండదు.

ఈ చిన్న పార్టీని గురించి ఇంత దూరంలో కూర్చుని ఇప్పుడెందుకు రాయడం అంటే, అది గెలిచినందుకు కాదు. అది ఓడిన తీరులో మనకి, అంటే గుళ్ళూ సత్సంగాలూ సంఘాలూ కట్టుకుని పరాయిదేశంలో బతుకుతున్న కుటుంబాలకి, పనికొచ్చే విషయం ఒకటి ఉందని నా నమ్మకం. ముందు కథ చెప్పి, తరువాత లెక్క చెబుతాను.

కర్నూలులో మొదలైన కథ

సుభాష్ పత్రి గారు 1947లో నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో పుట్టారు. వ్యవసాయశాస్త్రం చదివి, కోరమాండల్ ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేశారు. ఆ ఉద్యోగం ఆయన్ని కర్నూలుకి తీసుకొచ్చింది. 1990లో అక్కడ ‘కర్నూలు స్పిరిచ్యువల్ సొసైటీ’ మొదలైంది. మరుసటి ఏడు ఆ ఊళ్ళోనే ధ్యానానికని ఒక పిరమిడ్ కట్టారు. అలా మొదలైంది ఊరూరా పాకి ‘పిరమిడ్ స్పిరిచ్యువల్ సొసైటీస్ మూవ్‌మెంట్’ అయింది. అనుచరులు ఆయన్ని బ్రహ్మర్షి అని పిలిచారు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో కడ్తాల్ దగ్గర 2012లో మహేశ్వర మహా పిరమిడ్ తెరుచుకుంది. పత్రి గారు 2022 జూలైలో అక్కడే తుదిశ్వాస విడిచారు.

ఆ బోధనలో చిక్కుముళ్ళు తక్కువ. బుద్ధుడి కాలంనాటి ఆనాపానసతి, అంటే ‘శ్వాస మీద ధ్యాస’. రుసుము లేదు, మంత్రోపదేశం లేదు, కులం అడగరు. పిరమిడ్ ఆకారం కింద కూర్చుంటే ధ్యానం బాగా కుదురుతుందని వాళ్ళ విశ్వాసం. ఇక మాంసాహారం మానాలన్నది ప్రధాన నియమం. శాకాహార ర్యాలీలు చేస్తారు, వీధుల్లో కరపత్రాలు పంచుతారు. తమది మతం కాదని, ఎవరి మతంలో వాళ్ళుంటూనే చేసుకోవచ్చని చెబుతారు. సమాజశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని ఆధ్యాత్మిక ఉద్యమం అంటారు. మనం వాడుకలో అనుకునేది మటుకు ‘స్వాముల సంస్థ’ అనే.

ఇక్కడివరకూ ఆశ్చర్యపోయేదేమీ లేదు. మన దగ్గర ఇలాంటి సంస్థలు వందలున్నాయి. అయితే వాటిలో చాలావరకు రాజకీయనాయకుల్ని వేదిక ఎక్కించి శాలువా కప్పడంతో ఆగుతాయి. ఈ సంస్థ తనే ఒక పార్టీ పెట్టి, తన మనుషుల్నే అభ్యర్థులుగా నిలబెట్టింది. ధ్యానం, శాకాహారం, అహింస మనిషికీ మనిషికీ చెబితే చాలదు, పాలనలోకి కూడా రావాలి; పాలించేవాడు ముందు తన మనసును పాలించుకోవాలి. స్థూలంగా ఆ పార్టీ వాదన ఇది. వినడానికి కొత్తగా ఉన్నా, రాజర్షి అన్న మాట పుట్టిన దేశంలో మరీ విపరీతమైన వాదన కాదు.

1999 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్నికల్లో ఆ పార్టీ అభ్యర్థులు పోటీ చేస్తూ వచ్చారు. 2004, 2009 లోక్‌సభ ఎన్నికల్లో పాల్గొన్న పార్టీల జాబితాలో దాని పేరుంది. శాసనసభలో గాని లోక్‌సభలో గాని ఒక్క స్థానం కూడా రాలేదు.

అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది. డిసెంబరు ఉత్సవాలకి అంతంత జనం వచ్చే సంస్థ, పెట్టె తెరిచేసరికి ఎందుకంత పలచబడిపోయింది?

మా పిన్నమ్మ ఓటు

మా అమ్మ తరఫువాళ్ళది కర్నూలు. మా పిన్నమ్మ తొంభైల్లోనే ఈ ధ్యానంలో చేరింది. మోకాళ్ళ నొప్పులకని వెళ్ళి, ఆ నొప్పుల సంగతి ఏమయిందో గాని, మనసు కుదుటపడిందని అక్కడే ఉండిపోయింది. ఇంట్లో మాంసం మానిపించింది. మా చిన్నాయన నెల్లాళ్ళు గొణిగి తరువాత అలవాటు పడ్డాడు. ఆవిడ ఒక్క క్లాసు మానేది కాదు.

ఒకసారి ఫోన్లో అడిగాను, మీ పార్టీకే వేశావా అని. ఆవిడ నవ్వి ఇలా అంది: “ధ్యానం ధ్యానమే నాయనా, ఓటు ఓటే. పొద్దున నాలుగ్గంటలకు లేచి బిందెలు పట్టుకొని నిలబడేదాన్ని నేను. శ్వాస మీద ధ్యాస ఆయన చెప్పినట్లే పెడతా. ఓటు మాత్రం నీళ్ళు తెచ్చేటోనికి ఏసినా.”

ఇందులో గురువు మీద అపనమ్మకం లేదు. ఆవిడ ధ్యానం మానలేదు, గురువుగారి ఫోటో గోడ మీంచి తియ్యలేదు. ఆవిడ మనసులో రెండు ఖాతాలున్నాయి. ఒక ఖాతాలో ఉన్నదాన్ని రెండో ఖాతాలోకి మార్చడానికి ఆవిడ ఒప్పుకోలేదు, అంతే. ఆ పార్టీ పలచబడటానికి సగం కారణం ఈ మాటలో ఉంది. మిగతా సగం గణితంలో ఉంది.

లెక్క

మన దేశపు ఎన్నికల్లో ఒక నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు. రెండోవాడికి సున్నా. ఈ పద్ధతిలో మొత్తం ఎన్ని ఓట్లొచ్చాయన్నదాని కన్నా అవి ఎక్కడ కూడాయన్నది ముఖ్యం.

ఒక ఊహాలెక్క వేద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 294 స్థానాలు. ఒక సంస్థకి ప్రతి నియోజకవర్గంలోనూ నూటికి ఇద్దరు నికరమైన అనుచరులున్నారనుకోండి. మొత్తం కలిపితే లక్షల్లో ఉంటారు. వాళ్ళందరినీ ఒక మైదానంలో కూర్చోబెడితే కంటికి ఆనదు. కాని ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చే స్థానాలు సున్నా. డిపాజిట్ కూడా దక్కదు. చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతుంది కదా; లక్షన్నర ఓట్లు పోలయిన చోట ఆరోవంతంటే పాతిక వేలు. నూటికి ఇద్దరంటే మూడువేలే. 1999 నాటికి ఆ డిపాజిట్ శాసనసభకి 5,000, లోక్‌సభకి 10,000 రూపాయలు. 2010 నుంచి అవి 10,000, 25,000 అయ్యాయి. ఒక ధ్యానమందిరం నడిపేవాళ్ళకి ఈ డబ్బు చిన్నది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. 1927లో పుట్టిన మజ్లిస్‌ని ఒక మతసంస్థ పెట్టిన పార్టీ అనడం సరికాదు. అది ఒక సమాజానికి సంఘంగా మొదలై, 1948 తరువాత నిషేధానికి గురై, 1957-58 ప్రాంతంలో పార్టీగా మళ్ళీ లేచింది. దాని రాజకీయాలు మనకి నచ్చినా నచ్చకపోయినా, లెక్క గమనించండి. 2009, 2014, 2018, 2023 – నాలుగు శాసనసభ ఎన్నికల్లోనూ దానికి సరిగ్గా ఏడేసి స్థానాలు వచ్చాయి. అన్నీ హైదరాబాదులోనే. దాని ఓటర్లు ఒక చోట ఉన్నారు. దానికి వైద్య కళాశాల ఉంది, కార్పొరేటర్లున్నారు, కాలవ పొంగితే వచ్చి నిలబడే మనిషి ఉన్నాడు. మా పిన్నమ్మ అడిగిన ‘నీళ్ళు తెచ్చేటోడు’ అక్కడ ఆ పార్టీలోనే దొరుకుతాడు. ధ్యానులు అలా ఒకే వీధిలో కాపురముండరు. వీధికొకరుంటారు.

ఎన్నికల పద్ధతి మారితే ఫలితమూ మారుతుంది. జపానులో సోకా గక్కాయ్ అనే బౌద్ధ సంస్థ 1964లో కొమెయితో పార్టీని పెట్టింది. అప్పట్లో అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురో నలుగురో ఐదుగురో ఎన్నికయ్యేవారు. కాబట్టి నూటికి పదిహేను ఇరవై ఓట్లున్న పార్టీకి కూడా చోటు దొరికేది. తరువాత వచ్చిన పద్ధతిలోనూ ఓట్ల దామాషాలో కొన్ని స్థానాలు ఇస్తారు. ఆ పార్టీ 1999లో పాలకకూటమిలో చేరి, మధ్యలో ప్రతిపక్షంలో గడిపిన మూడేళ్ళు పోను, 2025 అక్టోబరులో బయటికి వచ్చేదాకా అందులోనే ఉంది. మతసంస్థ పెట్టిన పార్టీ అంతకాలం అధికారం పంచుకోవడం అరుదు.

కాని దానికీ మూల్యం చెల్లించవలసి వచ్చింది. తమని విమర్శించిన ఒక పుస్తకం బయటికి రాకుండా ఒత్తిడి తెచ్చారన్న గొడవ 1969-70లో చెలరేగింది. సంస్థ అధ్యక్షుడు ఇకెదా 1970లో క్షమాపణ చెప్పి, సంస్థ వేరు, పార్టీ వేరు అని ప్రకటించవలసి వచ్చింది. ఓడినవాళ్ళని ఎవరూ ప్రశ్నించరు. గెలవడం మొదలుపెట్టాక, మీ గుడి ఎక్కడ ఆగుతుంది, మీ పార్టీ ఎక్కడ మొదలవుతుంది అని అందరూ అడుగుతారు.

అయోవాలో మరో ధ్యాన పార్టీ

మన పిరమిడ్ పార్టీకి ఏడేళ్ళ ముందే, మరో ధ్యానసంస్థవాళ్ళు అమెరికాలో ఇదే పని చేశారు. మహర్షి మహేశ్ యోగి గారి భావాతీత ధ్యానం గురించి వినని భారతీయుడు ఉండడు. అయోవా రాష్ట్రంలో ఫెయిర్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో ఆయన పేరున ఒక విశ్వవిద్యాలయం ఉంది. ఆ ధ్యానులు కొందరు 1992లో నేచురల్ లా పార్టీ స్థాపించారు. అధ్యక్ష పదవికి జాన్ హేగెలిన్ అనే భౌతికశాస్త్రవేత్తను నిలబెట్టారు. ఆయన హార్వర్డ్‌లో పట్టా తీసుకుని, సెర్న్‌లో పరిశోధన చేసిన మనిషి. జబ్బు రాకుండా చూసుకునే వైద్యం, సూర్యరశ్మి వంటి తరగని శక్తి వనరులు, జన్యుమార్పిడి ఆహారం మీద చీటీ అతికించడం, సామూహిక ధ్యానంతో నేరాలు తగ్గించడం – ఇవి వాళ్ళ కార్యక్రమం. మొదటి మూడూ తరువాత పెద్ద పార్టీలు కూడా మాట్లాడిన విషయాలే.

హేగెలిన్‌కి 1992లో దాదాపు 39 వేల ఓట్లు, 1996లో లక్షా పదమూడు వేల పైచిలుకు, 2000లో 83 వేల పైచిలుకు వచ్చాయి. కోట్ల ఓట్లు పడే దేశంలో ఇవి సముద్రంలో చెంబుడు నీళ్ళు. 2000 ఎన్నికల్లో వాషింగ్టన్ రాష్ట్రపు బ్యాలెట్‌లో కూడా ఆయన పేరుంది. నేను రెడ్‌మండ్ వచ్చిన కొత్త రోజులవి. హెచ్-1బి మీద ఉన్నవాడిని, ఓటెక్కడిది? అయినా ఈ రాష్ట్రంలో ఓటున్నా లేకున్నా ప్రతి ఇంటికీ ఓటర్స్ పాంఫ్లెట్ అనే పుస్తకం పంపుతారు. అందులో బుష్, గోర్‌లతో పాటు ఆయన పేరు కూడా చూసి, ఎవరీయన అని వెతికితే ఈ సంగతంతా తెలిసింది. దేశస్థాయిలో ఆ పార్టీ 2004లో మూతపడింది.

బ్రిటన్‌లో వాళ్ళ అన్నదమ్ముల పార్టీ 1992 ఎన్నికల్లో మూడువందల పైచిలుకు చోట్ల పోటీ చేసింది. జార్జ్ హారిసన్ దానికోసం లండన్ ఆల్బర్ట్ హాల్లో కచేరీ చేశాడు. అన్నిచోట్లా డిపాజిట్లు పోయాయి. ఒక్కో డిపాజిట్ 500 పౌన్లు. ఇంత డబ్బు తెలిసి తెలిసి ఎవరైనా పోగొట్టుకుంటారా? కారణం ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం 50 మంది అభ్యర్థుల్ని నిలబెట్టిన పార్టీకి టీవీలో ఉచితంగా ప్రసార సమయం ఇస్తారు. ఓటర్ల ఇళ్ళకి ఒక ఉత్తరం ఉచితంగా పంపుకోనిస్తారు. డిపాజిట్లన్నీ కలిపినా, అంత ప్రచారం బజారులో కొంటే అయ్యే ఖర్చు కన్నా తక్కువే. అంటే కొన్ని చిన్న పార్టీలకి ఎన్నిక ఒక మైకు లాంటిది. గెలుపు కోసం కాదు, మాట వినిపించడం కోసం నిలబడతారు. ఇది నేరమూ కాదు, మోసమూ కాదు. కాని మైకు కోసం వచ్చినవాడికి ఒక ఇబ్బంది ఉంది. మాట అయిపోయాక ఎన్నికలవాళ్ళు ఓట్లు లెక్కపెట్టి అంకె బయటపెడతారు. ఉత్సవానికి వచ్చిన జనాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు అంచనా కట్టుకోవచ్చు. ఓట్ల అంకెకి అలాంటి వెసులుబాటు లేదు. ఎన్నో ఏళ్ళు పోగుచేసుకున్న గౌరవం ఒక్క మధ్యాహ్నంలో ‘0.2 శాతం’ అయిపోతుంది.

రెండు దేశాల చట్టం

ఇక మనకి నేరుగా సంబంధించిన విషయానికి వద్దాం. ధర్మసంస్థ పార్టీ పెట్టవచ్చా?

భారతదేశంలో పార్టీని ఎన్నికల సంఘం దగ్గర నమోదు చేయాలంటే, రాజ్యాంగానికీ, అందులోని సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం అన్న సూత్రాలకీ విధేయులమని నియమావళిలో రాసుకోవాలి. 1989 నుంచి ఇది నియమం. స్వామీజీ పార్టీ అయినా ఈ మాట రాయవలసిందే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) ప్రకారం మతం పేరు చెప్పి ఓటు అడగడం అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో తీర్పు చెప్పింది. గుడి, మసీదు, చర్చి ఆవరణల్లో రాజకీయ కార్యకలాపాలు కూడదని 1988లోనే చట్టం వచ్చింది. అంటే భక్తులు పార్టీ పెట్టుకోవచ్చు. భక్తిని చూపి ఓటు అడగకూడదు. ఈ గీత మీద నడవడం కత్తిమీద సామే.

అమెరికాలో దారి వేరు. ఇక్కడి మన గుళ్ళూ, సత్సంగ సంస్థలూ, తెలుగు సంఘాలూ చాలావరకు 501(సి)(3) కింద నమోదైనవే. మనం ఇచ్చే చందాకి పన్ను మినహాయింపు రావడానికి అదే కారణం. ఆ మినహాయింపుకి ఒక షరతుంది: ఏ అభ్యర్థికీ అనుకూలంగా గాని వ్యతిరేకంగా గాని ప్రచారంలో పాల్గొనకూడదు. 1954లో లిండన్ జాన్సన్ సెనేటర్‌గా ఉండగా పెట్టించిన సవరణ ఇది. పార్టీ గుర్తులు లేని సిటీ కౌన్సిల్ ఎన్నికలకీ ఇది వర్తిస్తుంది. ఫెయిర్‌ఫీల్డ్ ధ్యానులు కూడా సంస్థ పేరున కాక వ్యక్తులుగానే పార్టీ పెట్టారు. కాగితాల మీద రెండూ వేరు. 2025 జూలైలో ఐఆర్ఎస్ టెక్సస్‌లో ఒక కేసులో, ప్రార్థనామందిరంలో పూజారి తన భక్తులతో మామూలు పద్ధతిలో చెప్పే మాట ఈ నిషేధం కిందకి రాదని కోర్టుకి చెప్పింది. కాని ఆ సవరణని కాంగ్రెస్ రద్దు చెయ్యలేదు. గుడి డబ్బుతో ప్రచారం చేయవచ్చని దీన్నిబట్టి ఎవరైనా అనుకుంటే ప్రమాదమే.

చెయ్యగలిగినవి లేకపోలేదు. గుడి ఆవరణలో ఓటరు నమోదు శిబిరం పెట్టవచ్చు. అభ్యర్థులందరినీ సమానంగా పిలిచి చర్చ జరపవచ్చు. మనిషిగా మీరు ఎవరికైనా పనిచెయ్యవచ్చు, గుడి పేరు వాడకుండా.

డబ్బు విషయంలో మనవాళ్ళలో తరచు వచ్చే సందేహాలు రెండు. మొదటిది: అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, భారతదేశంలో రాజకీయ పార్టీకి చందా ఇవ్వకూడదు. అది విదేశీ విరాళం కిందకి వస్తుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఆ అడ్డు లేదు; వాళ్ళు అక్కడ ఓటరుగా నమోదు కూడా కావచ్చు, కాని స్వయంగా వెళ్ళి వెయ్యాలి. రెండోది: ఇక్కడ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు అమెరికా అభ్యర్థులకి చందా ఇవ్వవచ్చు, ఓటు వెయ్యకూడదు. హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు చందా కూడా ఇవ్వకూడదు. ఉగాది విందులో పక్కవాడు ఇస్తున్నాడని మనమూ చెక్కు రాసేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రెడ్‌మండ్ బ్యాలెట్‌లో పార్టీ పేరు

మన వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంకో విచిత్రం ఉంది. ఇక్కడ ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ అడగరు. 2008 నుంచి ప్రైమరీలో పార్టీతో నిమిత్తం లేకుండా మొదటి ఇద్దరు నవంబరుకి వెళతారు. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కింద ‘ఫలానా పార్టీని ఇష్టపడతాడు’ అని ఉంటుంది. ఆ ఇష్టం అభ్యర్థి రాసుకున్నదే. పార్టీ ఆయన్ని ఒప్పుకున్నట్టు కాదు. ఆ ఫలానా పార్టీ నిజంగా ఉండాలని కూడా లేదు. రేపు ఎవరైనా ‘పిరమిడ్ పార్టీ’ అని రాసుకుని, ఆ పదవి జీతంలో నూటికి ఒక వంతు రుసుము కట్టి నిలబడవచ్చు. పార్టీ పెట్టడం ఇంత చవకైన చోట పార్టీ పేరుకి అంత విలువ ఉండదు. విలువంతా మనిషికి, ఇరుగుపొరుగుతో ఆ మనిషికి ఉన్న సంబంధానికి.

దీనికి సాక్ష్యం మన ఊళ్ళోనే ఉంది. రెడ్‌మండ్‌లో కొంతభాగం 45వ శాసనసభా జిల్లాలోకి వస్తుంది. 2017లో అక్కడ సెనేట్ స్థానానికి జరిగిన ప్రత్యేక ఎన్నికలో మన్కా ఢింగ్రా గెలిచారు. భోపాల్‌లో పుట్టిన ఆవిడ అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభకి ఎన్నికైన మొదటి సిక్కు. ఈ దేశంలో సిక్కులు తమ ధర్మం పేరున ఒక పార్టీ పెట్టుకుని ఉంటే, 45వ జిల్లాలో వాళ్ళకి ఎన్ని ఓట్లు వచ్చేవో పైన చెప్పిన లెక్కే చెబుతుంది. ఆవిడ ప్రాసిక్యూటర్‌గా పనిచేసిన మనిషి. డెమొక్రాట్‌గా నిలబడి, ఇంటింటి తలుపూ తట్టి, అన్ని రకాలవాళ్ళ ఓట్లతో గెలిచారు. తన ధర్మాన్ని దాచుకోలేదు, దాన్ని ఓటుకి కారణంగా చూపనూలేదు.

ఇంటి దాకా వచ్చిన సంగతి

చట్టం సంస్థని ఆపగలదు గాని, మన ఇంటి హాల్లోకి రాదు. కొన్నేళ్ళ క్రితం మేము శనివారాలు కూడే ఒక పారాయణ బృందంలో, ఎన్నికల ముందు ఒకాయన ఒక జాబితా పంపించాడు. ‘మనవాళ్ళు’ ఎవరికి వెయ్యాలో అందులో ఉంది. అది నమోదైన సంస్థ కాదు, పది కుటుంబాలు వంతులవారీగా ఒకరింట్లో ఒకరు పులిహోర కలుపుకుని సహస్రనామం చదువుకునే గుంపు. చట్టరీత్యా అందులో తప్పు లేదు. ఒకరు మెచ్చుకున్నారు, ఇంకొకరు నొచ్చుకున్నారు, మూడోవాళ్ళు జవాబు రాశారు. మాటలు పెరిగాయి. రెండు కుటుంబాలు రావడం మానేశాయి. అందులో ఒక ఇంటి పెద్దావిడ మా పిల్లలకి పదాలు విరిచి పలకడం నేర్పేది. ఇప్పుడు పిల్లలు ‘క్షోభణః’ దగ్గర తడబడితే సరిదిద్దేవాళ్ళు లేరు. ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో మా బృందంలో సగంమందికి గుర్తు లేదు. ఆవిడ లేని లోటు మాత్రం ప్రతి శనివారం తెలుస్తూనే ఉంది.

పిరమిడ్ పార్టీ కథ నాకు ఇందుకే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ పార్టీకి ఓట్లు రాలేదంటే ధ్యానం ఓడిపోయిందని కొందరు ఎద్దేవా చేస్తారు. నాకలా తోచదు. అక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళలో చాలామంది, కళ్ళు తెరిచాక తమ ఓటు తాము వేసుకున్నారు. గురువుని వదులుకోలేదు, ఓటునీ అప్పగించలేదు. అందువల్ల ఇద్దరికీ మేలే జరిగింది. ఎన్నికల్లో ఓడినా సంస్థ చెదిరిపోలేదు. జనం ధ్యానానికి వస్తూనే ఉన్నారు. వచ్చేవాళ్ళలో ఏ పార్టీకి వేసినవాళ్ళయినా పక్కపక్కన కూర్చోగలుగుతున్నారు. ఒకవేళ ఆ పార్టీ గట్టిగా గెలిచి ఉంటే, పక్కన కూర్చున్నవాడు ఎవరికి వేశాడో అన్న అనుమానం ఆ పిరమిడ్ కిందకి కూడా వచ్చేది.

పిల్లలకి మనం రెండూ నేర్పాలి. బాథెల్ గుడికి తీసుకువెళ్ళడం ఎంత ముఖ్యమో, పద్ధెనిమిదేళ్ళు నిండగానే, పౌరులైతే, ఓటరుగా నమోదు చేయించడమూ అంతే ముఖ్యం. ఇక్కడ బ్యాలెట్ ఎన్నికకి పద్ధెనిమిది రోజుల ముందే పోస్టులో బయలుదేరుతుంది. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, పాంఫ్లెట్ తెరిచి, ఒక్కో పేరూ చదివి, వాదించుకోండి. తల్లికీ కూతురికీ అభిప్రాయం కలవకపోతే కంగారు పడకండి. ఎవరి కవరు మీద వాళ్ళు సంతకం చేసి, ఇద్దరూ కలిసే వెళ్ళి సిటీ హాల్ దగ్గర డబ్బాలో వేసి రండి. శనివారం పారాయణకి కూడా ఇద్దరూ కలిసే రండి.